పాడి పశువు – పాల పరిశుద్ధి

కృష్ణానదికి పడమటి వైపున, ఆ నది కాలువల నీటితో పండు మాగాణి సీమలో తెనాలి, బాపట్ల, రేపల్లె అను మూడు పట్టణములు కలవు. తెనాలి గుంటూరు జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల ముఖ్యపట్టణముగా ఒక క్రొత్త జిల్లా ఏర్పడినది. రేపల్లె ఆ జిల్లాలో చేరినది. ఈ పట్టణముల నడుమనున్న పల్లెలలో తెల్లవారుజామున నడచువానికి మొదట వినవచ్చునది కోడికూత. ఆ తరువాత వినవచ్చునది గిన్నెలో పడు పాలధార చప్పుడు.

వరి పండించు రైతునకు ధాన్యపు సొమ్ము ఏడాదికి ఒకటి రెండు మారులు మాత్రమే చేతికి వచ్చును. పాల సొమ్ము అట్లు కాదు. అది పది పదునైదు దినములకు ఒకసారి వచ్చుచుండును. ఉప్పు పప్పులు, పిల్లల పుస్తకములు, ముసలివారి మందులు ఆ సొమ్ముతోనే గడచును. పొలము లేని కుటుంబమునకు ఒక్క గేదెయే పొలమువంటిది. కావున మన యిండ్లలో పశువును “గొడ్డు” అని పిలిచినను, దానిని ఇంటిలోని యొక మనిషివలెనే చూచుకొందురు.

బాలబాలికలారా! పశువును ప్రేమించుట మనకు క్రొత్త గాదు. కాని ప్రేమించుట ఒకటి, బాధ్యతతో పోషించుట మరియొకటి. మన పశువు ఇచ్చు పాలను మన మొక్కరమే త్రాగుచున్న కాలములో తప్పొప్పులు మన యింటివరకే ఉండెడివి. నేటి సంగతి వేరు. ఉదయమున మీ యింటినుండి క్యానులో పోవు రెండు లీటర్ల పాలు ఊరి పాలకేంద్రమున నూరు ఇండ్ల పాలతో కలియును. అచ్చటినుండి శీతలీకరణ కేంద్రమునకు, ఆపైన పెద్ద డెయిరీకి పోవును. తెనాలినుండి గుంటూరు పోవు దారిలో వడ్లమూడికడ సంగం డెయిరీ యున్నది. అట్టి చోట్లకు ఎన్నో గ్రామముల పాలు చేరి, వేడిచేయబడి, చల్లార్చబడి, పొట్లములై దూరపు పట్టణములకు పోవుచుండును. అచ్చట ఒక తల్లి ఆ పొట్లమును చించి తన బిడ్డకు పాలు కాచి యిచ్చును. ఆమె మీ గేదెను చూడలేదు, మీ చావడిని చూడలేదు. అయినను నమ్మి బిడ్డకు త్రాగించుచున్నది. ఆ నమ్మకమును నిలుపుటయే పాల పరిశుద్ధి యనుమాటకు అర్థము.

ఈ విషయము నాకు పుస్తకములవలన తెలియలేదు. నేను ఉపాధ్యాయుడుగా ఉద్యోగమున చేరిన క్రొత్తలో తెనాలినుండి రేపల్లె పోవు దారిలోని ఒక గ్రామమున కాపురముంటిని. మా వీధిలో ఒక యిల్లాలు ఉండెడిది. భర్త గతించిన ఆమెకు ఒక గేదెయే ఆధారము. ఆమె ఉదయపు పాలను కేంద్రమునకు పోసి, సాయంకాలపు పాలను మా యింటికిని మరి రెండిండ్లకును పోయుచుండెను. ఆమె కుమారుడు నా తరగతిలో, అనగా ఎనిమిదవ తరగతిలో, చదువుచుండెను.

ఒకనాటి రాత్రి మా యింట పాలు తోడుపెట్టిరి. తెల్లవారి చూడగా పెరుగు తోడుకొనలేదు. పాలు పాలుగనే యుండెను. తోడు చాలలేదేమో యని మా యింటివారు అనుకొనిరి. ఆనాడు బడిగంట కొట్టకముందే ఆ పిల్లవాడు నాయొద్దకు వచ్చి తలవంచుకొని నిలిచెను.

“మాస్టారూ, నిన్న రాత్రి మీ యింట పెరుగు తోడుకొన్నదా అండీ?” అని అడిగెను.

“లేదు నాయనా. ఆ సంగతి నీకెట్లు తెలిసినది?” అంటిని.

“మా యింటను తోడుకొనలేదండీ. మా గేదెకు పొదుగువాపు వచ్చినదండీ. డాక్టరుగారు మందు వేసి, కొన్ని దినములు పాలు ఎవరికిని పోయవద్దన్నారు. అమ్మ పోసినది. నేను చూచి ఊరకున్నాను.”

సాయంకాలము నేను వారి యింటికి పోతిని. ఆ తల్లి నన్ను చూచి, “పంతులుగారూ, తెలియక చేసితినని చెప్పను. తెలిసియే పోసితిని. వీని పరీక్ష రుసుమునకు సొమ్ము కావలసివచ్చినది. పాలు తెల్లగనే యున్నవి, మూడు చన్నులు బాగుగనే యున్నవి, ఏమగునులే యనుకొంటిని” అని కన్నీరు పెట్టుకొనెను. నేను ఆమెను నిందింపలేదు. నాకు తెలిసినంతవరకు కారణము చెప్పితిని. పాల సొమ్ము ముందుగా ఇచ్చితిని. మరునాడు ఆమె తానే కేంద్రమునకు పోయి జరిగినది చెప్పి, గడువు తీరువరకు పాలు తేనని చెప్పి వచ్చెను. ఆ గడువు తీరువరకు ఉదయ సాయంకాలముల పాలు నిజముగనే నేలపాలయ్యెను. పాలు నేలపై పోయుట మన యిండ్లలో అపశకునముగా తలతురు. ఆ తల్లి ప్రతిదినమును ఆ పని చేయుచుండగా చూచినవాడను గనుక, అది ఎంత కష్టమో నేనెరుగుదును.

పెరుగు ఏల తోడుకొనలేదు? పాలలో కంటికి కనబడని మేలైన సూక్ష్మజీవులు పెరిగి, పాలలోని చక్కెరను పులుపుగా మార్చినప్పుడే పెరుగు గడ్డకట్టును. మనము వేయు తోడు ఆ సూక్ష్మజీవుల సమూహమే. పొదుగువాపునకు కారణము చెడ్డ సూక్ష్మజీవులు. వానిని చంపుటకు వైద్యుడు యాంటీబయాటిక్ మందు వాడును. ఆ మందు కొంత పాలలోనికి దిగును. ఒక చన్నునకే మందు వేసినను, సూదిమందు నెత్తురులో కలిసి నాలుగు చన్నుల పాలలోనికిని వచ్చును. అట్టి పాలలో తోడువేసిన మేలైన సూక్ష్మజీవులు కూడ చచ్చును. కాచినంతమాత్రమున ఆ మందు పూర్తిగా పోదు. పాల తెల్లదనములో గాని, రుచిలో గాని భేదము కనబడదు.

ఆ రాత్రి పోయిన పెరుగుకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. కొద్దికొద్దిగా మందు కలిసిన పాలను నిత్యమును త్రాగుచుండిన యెడల, మన శరీరములలోని చెడ్డ సూక్ష్మజీవులు ఆ మందునకు అలవాటుపడి లొంగక తిరుగబడుట నేర్చుకొనును. అటుపిమ్మట నిజముగా జబ్బుపడిననాడు ఆ మందు పనిచేయదు. ఈ మందుల చరిత్రలో మన తెలుగువాని పేరు కూడ కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, 1948లో ఆరియోమైసిన్ అను మందు లోకమునకు వెల్లడియైనది. ఆ కుటుంబమునకు చెందిన మందులు మనుష్యులకును పశువులకును ఎన్నియో ప్రాణములను నిలిపినవి. అట్టి దివ్యౌషధమును అజాగ్రత్తచేత మొద్దుబార్చుట మహాపరాధము.

కావుననే మందు వాడిన పిమ్మట కొంతకాలము పాలను అమ్మరాదను నియమము ఏర్పడినది. ఎన్ని దినములు ఆగవలెనో మందుపెట్టెపై అచ్చువేయుదురు. ఆ గడువు నిర్ణయింపబడని మందులకు పాల విషయమున ఏడు దినములకును, మాంసము విషయమున ఇరువదియెనిమిది దినములకును తక్కువ కాకుండ ఆగవలెనని మన దేశపు ఔషధ నిబంధనలలో 2012లో చేర్చిరి. పెట్టెపై నున్న అక్షరములను ఇంటిలోని పెద్దలు చదువలేకపోవచ్చును. మీరు చదువగలరు. చదివి వారికి చెప్పుట మీ చదువునకు తగిన పని. ఒకరి గేదెకు వ్రాసిన మందును తెచ్చి వేరొకరి గేదెకు వేయుటయు, తగ్గినట్లు తోచగానే నడుమ ఆపివేయుటయు కూడదు. ఎంత మందో, ఎన్ని నాళ్ళో వైద్యుడు చెప్పినట్లే జరుగవలెను.

మందు అవసరము రాకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలు. అందులకు మొదటి మెట్టు దూడ పుట్టిన గడియనుండియే మొదలగును. ఈనిన గేదె మొదట ఇచ్చునవి జున్నుపాలు. జున్ను మనకు ప్రియమైన వంటకము; ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట మన ఆచారము. కాని ఆ పాలలో దూడకు రోగములనుండి రక్షణ నిచ్చు పదార్థములు కలవు. ఆ పదార్థములు దూడ ప్రేగులనుండి నెత్తురులోనికి చేరుట మొదటి దినమునకు పిమ్మట ఆగిపోవును. కనుక పుట్టిన గంట రెండు గంటలలోనే దూడ కడుపునిండ జున్నుపాలు త్రాగవలెను. మొదటి దినమున దాని బరువులో పదవవంతు పాలు దానికి దక్కవలెను. ముప్పది కిలోల దూడకు మూడు కిలోల పాలన్నమాట. దూడ త్రాగగా మిగిలినదే మన జున్ను. ఈ వరుస తప్పరాదు.

రెండవ మెట్టు మేత. మన సీమలో వరిగడ్డికి లోటులేదు. ప్రతి యింటి పెరటిలోను గడ్డివామి కనబడును. కాని వరిగడ్డి కడుపు నింపునేగాని బలము నింపదు. అందుచేతనే మన పెద్దలు వరికోతల కాలమున మాగాణిలో జనుము, పిల్లిపెసర చల్లి పచ్చిమేత పండించు పద్ధతిని ఏర్పరచిరి. పచ్చిమేతకు తోడుగా తవుడు, చెక్క, ఖనిజలవణ మిశ్రమము కొలత ప్రకారము పెట్టవలెను. పాలలో నూటికి ఎనుబది పాళ్లకు మించి నీరే యున్నది. కావున పాడిగేదెకు దినమునకు ఏబది లీటర్లకు పైగా మంచినీరు అవసరమగును. కుడితి తొట్టిని కడుగక, పులిసిన కుడితిపైనే క్రొత్త కుడితి పోయుట మంచిది కాదు.

మేత విషయమున మన సీమకు ప్రత్యేకమగు భయమొకటి కలదు. తుపానులు తరచుగా వరికోతల కాలముననే వచ్చును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ అను తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి వానలలో తడిసిన గడ్డికి బూజు పట్టును. బూజు పట్టిన గడ్డిని, చెక్కను “మనుష్యులము తినము గాని గొడ్లకేమి” యని వేయుదురు. అది పొరపాటు. ఒక విధమగు బూజునుండి అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. అది పశువు కార్జమును చెడగొట్టుటయే గాక పాలలోనికిని దిగును. కాచినను అది పోదు. గేదెకు పెట్టిన బూజు మరల మన గ్లాసులోనికే వచ్చునని తెలిసికొనవలెను. గడ్డిని బాగుగ ఆరబెట్టి, నేల చెమ్మ తగులకుండ ఎత్తైన చోట వామి వేయుట ఇందులకు నివారణోపాయము.

తుపాను మాట వచ్చినది గనుక మరియొక సంగతి. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన రేపల్లెకు నది యావలనున్న దివిసీమను ముంచివేసినది. వేలకొలది మనుష్యులును లెక్కకు మిక్కిలిగా పశువులును మరణించిరి. కట్టుగొయ్యకు పలుపుతో కట్టివేసిన పశువు నీరు పెరుగుచున్నప్పుడు ఈదుటకు గాని పారిపోవుటకు గాని వీలులేక అక్కడికక్కడే మునిగిపోవును. తుపాను హెచ్చరిక రాగానే పశువులను మెరకకు తోలవలెను; అది సాధ్యము కానప్పుడు పలుపు విప్పి విడువవలెను. పలుపు కట్టిన చేయియే దానిని విప్పుటకు బాధ్యత వహింపవలెను.

మూడవ మెట్టు టీకాలు. తొలకరి వానలతో గొంతువాపు, జబ్బవాపు రోగములు వచ్చును. గనుక వానలకు ముందే టీకా వేయింపవలెను. గాలికుంటు వ్యాధిని, పశువులు ఈచుకపోవుటకు కారణమగు బ్రూసెల్లా వ్యాధిని అణచుటకు 2019 సెప్టెంబరులో దేశమంతట ఒక కార్యక్రమము ప్రారంభమైనది. టీకా వేసినచో పాలు తగ్గునని కొందరు పశువులను దాచెదరు. ఒకటి రెండు దినములు పాలు కొంచెము తగ్గినను తగ్గవచ్చును. గాలికుంటు వచ్చినచో నెలల తరబడి పాలు పోవును. టీకాల బలమెంతటిదో చూడుడు: ఒకప్పుడు మందలకు మందలను తుడిచిపెట్టిన ముసర రోగము టీకాలవలననే నశించినది. 2011లో అది భూమిపై ఎచ్చటను లేదని ప్రకటించిరి. మశూచికము పిమ్మట లోకమునుండి పూర్తిగా తొలగింపబడిన రెండవ రోగము అదియే.

మన కాలువలలోను వరిమళ్లలోను నత్తలు ఎక్కువ. కార్జపు జలగ అను పురుగు నత్తలో కొంతకాలము పెరిగి, గట్టు గడ్డినంటి పశువు కడుపులో చేరును. పశువు చిక్కిపోయి, దవడ క్రింద నీరుదిగినచో దానిని అనుమానింపవలెను. కారణము తెలియక “దిష్టి తగిలినది” అని కాలయాపన చేయక, పేడను పరీక్షకు పంపవలెను.

ఇక పాలు పితుకునప్పటి శుభ్రత. పితుకువాని గోళ్లు కత్తిరింపబడి యుండవలెను. చేతులు సబ్బుతో కడుగబడి యుండవలెను. పొదుగును మంచినీటితో కడిగి శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. తడిచేతితో పితికినచో ఆ మురికినీరు పాలలోనికే జారును. మొదటి రెండు మూడు ధారలను నల్లగుడ్డ కట్టిన చిన్న గిన్నెలో పిండి చూడవలెను. నల్లని గుడ్డపై తెల్లని పిసరులు కనబడినచో పొదుగువాపు ప్రారంభమైనదని గుర్తు. అట్టి గేదెను అన్నిటికంటె కడపట పితికి, ఆ పాలను వేరుగా ఉంచి, వైద్యునికి చెప్పవలెను. బొటనవ్రేలు మడచి నొక్కి పితుకుటవలన చన్ను లోపల గాయపడును. పిడికిలి నిండ పట్టి పితుకుట మేలు. పితికిన పిమ్మట కొంతసేపు చన్ను రంధ్రము మూసికొనదు. అప్పుడు గేదె పేడలో పండుకొన్నచో రోగము లోనికి ప్రవేశించును. అందుచేత పితికిన వెంటనే మేత వేయుడు. మేయుచు అది అరగంటసేపు నిలబడియే యుండును.

దూడ చచ్చినప్పుడు గాని, గేదె చేపనప్పుడు గాని సూదిమందు వేసి పాలు దింపు దురలవాటు కొన్నిచోట్ల కలదు. పాడిపశువు ఆరోగ్యమునకు హాని కలిగించు సూదిమందులతో పాలు దింపుట 1960లోని జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. దాణా చూపియు, పొదుగును మెల్లగా నిమిరియు, ఒక మనిషియే వేళ తప్పక పితికియు చేపునట్లు అలవాటు చేయవచ్చును. ఇది ఓపికతో కూడిన పనియే. కాని పశుపోషణమంతయు ఓపికయే గదా.

పితికిన పాలను ఎండలో ఉంచి మాటలాడుచు నిలుచుట పెద్ద తప్పు. వెచ్చని పాలలో సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపగునని అనుకొనుడు. ఒకటి మూడు గంటలలో అరువదినాలుగగును; అయిదు గంటలలో వేయి దాటును. మీరే లెక్కవేసి చూడుడు. నాలుగు డిగ్రీలకు చల్లార్చినచో ఆ పెరుగుదల మిక్కిలి మందగించును. అందుచేతనే పాలు ఎంత త్వరగా కేంద్రమునకు చేరిన అంత మంచిది.

పాలకేంద్రమున పరీక్షలు ఎట్లు జరుగునో చూడుడు. మొదటిది లాక్టోమీటరు. పాలు నీటికంటె కొంచెము చిక్కనివి. గనుక ఈ గాజుగొట్టము పాలలో పైకి తేలును, నీరు కలిసినకొలది క్రిందికి దిగును. మంచి పాలలో అది ముప్పది చూపుననుకొనుడు. పాలలో నాలుగవవంతు నీరు కలిపిన యెడల ఇరువదిరెండు ఇరువదిమూడుల కడకు దిగును. కాని దీనిని మోసగింపవచ్చును. వెన్న నీటికంటె తేలిక. మీగడ తీసివేసినచో పాలు మరింత చిక్కనై గొట్టము పైకి లేచును. అప్పుడు నీరు కలిపినచో మరల ముప్పదియే చూపును! ఈ మోసమును పట్టుటకు వెన్న ఎంతయో వేరుగా కొలువవలెను. 1891లో గెర్బర్ అను స్విట్జర్లాండు రసాయనజ్ఞుడు అందుకొక పద్ధతి కనిపెట్టెను. పాలలో గంధకామ్లము పోసి, ప్రత్యేకమైన గొట్టములో గిరగిర త్రిప్పినచో వెన్న వేరై పైకి తేలును. అదెంతయో గీతలనుబట్టి చదువవచ్చును. నేడు అనేక కేంద్రములలో విద్యుద్యంత్రము క్షణములలో వెన్నను, వెన్నగాని ఘనపదార్థములను లెక్కించి చూపుచున్నది. ఆ రెండింటిని బట్టియే ధర కట్టుదురు.

అయినను యంత్రము సర్వజ్ఞమని తలపరాదు. నీరు, వెన్న కొలుచు యంత్రమునకు మందు కనబడదు, బూజువిషము కనబడదు. వానికి వేరు పరీక్షలు కలవు. అవి ప్రతి ఊరిలో, ప్రతి క్యానునకు, ప్రతి పూట జరుగుట కష్టము. నేను చెప్పిన ఆ యింటి పాలు కేంద్రమున నెగ్గినవి; మా వంటింటి పెరుగుకుండలో ఓడినవి. కావున మొదటి పరీక్షకుడు కేంద్రమున లేడు, చావడిలోనే యున్నాడు. గేదెకు ఏమి పెట్టితిమో, ఏ మందు వేసితిమో ఎరిగినవారు ఆ యింటివారు మాత్రమే.

ఎరుగుట చాలదు, వ్రాసి యుంచవలెను. నేడు పశువుల చెవులకు పన్నెండంకెల సంఖ్యగల పసుపుపచ్చ బిళ్ల వేయుచున్నారు. ఆ సంఖ్యవలన టీకాలు, వైద్యము మున్నగు వివరములు ప్రభుత్వ లెక్కలలో చేరును. ఇంటిలోను అట్టి లెక్క యొకటి ఉండవలెను. ఎదకు వచ్చిన తేదీ, చూలు కట్టించిన తేదీ, ఈనిన తేదీ, టీకా తేదీ, మందు పేరు, పాలు ఆపవలసిన గడువు, పూటపూట పాల కొలత వ్రాసిన చాలును. మన సీమకు చేరువనే పుట్టిన ఒంగోలు జాతి పశువులు సముద్రములు దాటి బ్రెజిల్ దేశమునకు పోయి, నెల్లూరు పేరుననే ‘నెలోర్’ జాతియై అచ్చట కోట్లసంఖ్యలో వర్ధిల్లుచున్నవి. ఆ దేశపువారు ప్రతి మేలుజాతి దూడకును తల్లి యెవరు, తండ్రి యెవరు అని పుస్తకములలో నమోదు చేయుట ఆ అభివృద్ధికి ఒక ముఖ్యకారణము. మన గుంటూరు చెంత లాం గ్రామమున పశుపరిశోధన స్థానము కూడ ఒంగోలు జాతిని కాపాడుచున్నది. బాపట్లలో 1945లో స్థాపింపబడిన వ్యవసాయ కళాశాల మన సీమలో శాస్త్రీయ వ్యవసాయ విద్యకు ప్రసిద్ధ కేంద్రము. మీలో కొందరు రేపు అట్టి చోట్ల చదువుదురు గాక. చావడిలోని చిన్న పుస్తకము ఆ విద్యకు మొదటి పాఠము.

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగించెదను. పాలు నేలపై పోసిన ఆ దినములలో అతడు తన లెక్కల నోటుపుస్తకము చివరనున్న తెల్లకాగితములను చింపి, దారముతో కుట్టి, ఒక చిన్న పుస్తకము చేసికొనెను. దానిని చావడి గుంజకు వ్రేలాడదీసి, మొదటి పుటలో ఇట్లు వ్రాసెను: “ఈ దినము మందు వేసినారు. పాలు పోయరాదు.” ఆ క్రింద గడువు తీరు తేదీ వేసి, గీత గీసెను. ఆ తేదీ దాటిన మరునాటి రాత్రి వారు మొదట తమ యింటనే కొద్దిపాలు తోడుపెట్టుకొనిరి. తెల్లవారి అతడు మా యింటికి పరుగెత్తుకొని వచ్చి, “మాస్టారూ, తోడుకొన్నదండీ!” అని కేక వేసెను. పరీక్షలో మొదటివాడుగా వచ్చినప్పుడైనను అతని మొగమున అంతటి సంతోషమును నేను చూడలేదు.

అతడు నేడు నడివయస్సు గృహస్థు. అతని చావడిలో ఇప్పుడు ఆరు గేదెలు కలవు. గుంజకు పుస్తకము నేటికిని వ్రేలాడుచున్నది. అందు వ్రాయుచున్నది అతని కుమార్తె. బాలబాలికలారా! మీ యింట పశువున్నచో నేడే అట్టి పుస్తకమొకటి కుట్టుకొనుడు. మీ పొరుగింట ఉన్నచో వారికి కుట్టి యిండు. ఎవరును చూడని వేళ చావడిలో మీరు చేయు మంచిపని, ఎన్నడును మీరు చూడని యొక పసిబిడ్డకు ఆరోగ్యమై చేరును.